విమానం దారిలో పడిన నా మెట్టెలు

సహోదరులారా, సహోదరీలారా, నా గొంతు ఇంత బొంగురుగా ఉందేమని అనుకుంటారేమో, ఇది జలుబు కాదు, నా పెనిమిటి దావీదు పోయినప్పుడు ఏడ్చి ఏడ్చి, ఆ తరువాత రెండేళ్లు తాగి తాగి పోగొట్టుకున్న గొంతు ఇది. నాకు చదువు రాదు, సంతకం ఒక్కటే వచ్చు, నేను చెబుతుంటే మా పాస్టరమ్మగారు రాస్తున్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎందుకంటే దాచిపెడితే ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను!

మా ఆయన ఎర్రగుంట్ల పక్కన నాపరాయి కోసే మిషన్ దగ్గర పని చేసేవాడు. ఆ రాతి దుమ్ము ఆయన తలలో, కనురెప్పల మీద, నేను కట్టిచ్చిన సద్దిలో కూడా ఉండేది, అది ఉండి ఉండి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆఖరి ఏడాది పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చునే ఉండేవాడు, నొప్పి మరవడానికి తాగేవాడు. మా ఇంటి మీదుగా రోజుకొక చిన్న విమానం పోతుంది, ఆ సమయానికి వాకిట్లోకి పట్టుకుపొమ్మని, తల పైకెత్తి చూస్తూ, "మే సాలమ్మా, ఆ పైన దుమ్ముండదంట. ఒగసారి ఎక్కి, కడుపు నిండా గాలి పీల్చుకోని దిగొస్తాం, నువ్వూ రావల్ల" అని నవ్వేవాడు. నవ్వితే దగ్గు తెర వచ్చి మనిషి వంగిపోయేవాడు, అందుకని నవ్వొద్దని నేనే కసిరేదాన్ని. నా భర్తను నవ్వొద్దన్నాను, సహోదరులారా, ఆ మాట ఇప్పటికీ నా గుండెలో ముల్లులాగా ఉంది.

ఆయన పోయాడు. మేము ప్రభువును నమ్ముకున్నవాళ్లమే అయినా మా వాళ్లలో పాత పద్ధతులు పోలేదు, పదకొండో దినం పెద్ద ముత్తైదువలు వచ్చి నా కాలి వేళ్లకు సబ్బు నీళ్లు పోసి మెట్టెలు లాగేశారు. ఇరవై రెండేళ్లు ఉన్న మెట్టెలు, వేళ్ల మీద తెల్లటి అచ్చు మిగిలింది! వాటిని కరిగించాలని గూట్లో పెడితే నేను ఎవరూ చూడకుండా తీసి కొంగులో ముడి వేసుకున్నాను. అదే దినం బియ్యం డబ్బా వెనకాల ఆయన సగం తాగి వదిలిన సీసా కనబడింది. ఆయన నోరు తగిలిన సీసా కదా అని నేనూ నోరు పెట్టాను. అంతే, అది నన్ను పట్టుకుంది. మందిరంలో ముందు వరుసలో కూర్చుని పాటలు పాడేదాన్ని, ఇంటికి వచ్చి తలుపేసుకుని తాగేదాన్ని, వాసన రాకుండా ఆకూ వక్కా నములుతూ తిరిగేదాన్ని. ప్రార్థనలో ఆ కొంగు ముడి పిడికిట పట్టుకునేదాన్ని, పైకి ప్రభువా అంటున్నా నేను పట్టుకున్నది ప్రభువును కాదు.

సంఘంలో ఒక సహోదరుడు నా మీద జాలిపడి మా సీమలోని ఒక చిన్న ఎయిర్‌పోర్టులో పని ఇప్పించాడు, ఏ ఊరిదో చెప్పను, తప్పు నాది కాబట్టి ఊరిని ఎందుకు లాగాలి. విమానం రాకముందు మేము తొమ్మిది మంది ఆడవాళ్లం చేయి చాచినంత ఎడంలో వరుసగా నిలబడి, విమానం దిగే దారీ, నిలబడే జాగా అంతా తల వంచుకుని నడిచి, రాయి, మేకు, ప్లాస్టిక్ ముక్క, ఏది కనబడినా ఏరి సంచిలో వేయాలి. మా ఇంచార్జి మద్దిలేటి సారు మొదటి దినమే ఒక చిన్న ఇనుప మొల చూపించి, "ఇది విమానం పంకా గాలికి లేచిందంటే బుల్లెట్టు మాదిరి పోతాది, లోపలుండే జనం బతుకు మీ కండ్లలో ఉండాది" అని చెప్పాడు. అందుకే లోపలికి పోయే ముందు గాజులు, కమ్మలు, పిన్నీసులు అన్నీ తీసి బిస్కెట్ల డబ్బాలో వేయాలి, కాళ్లూ కొంగులూ చూసి కానీ పంపరు. అందరివీ చూసేవాళ్లు, నా వంతు వచ్చేసరికి డబ్బా పట్టుకున్నామె, "నీ తావ ఏముంటాదిలేమ్మా, నువ్వు పో" అనేది. ముండమోసిన దానికి ఏముంటుంది అని దాని అర్థం. ఒక్క దినం కూడా నా కొంగు ఎవరూ తడమలేదు!

ఆయన పోయి రెండేళ్లు నిండిన మరుసటి పొద్దున, ముందు దినం తాగినది ఇంకా దిగలేదు, చేతులు వణుకుతుండగానే కొంగు ముడి వేసుకుని పనికి పోయాను. విమానం దారంతా నడిచి వచ్చి ముఖం కడుక్కుని తుడుచుకుందామని కొంగు పట్టుకుంటే, లోపలికి పోయేటప్పుడు ఉన్న ముడి లేదు, మెట్టెలు లేవు. విమానం రావడానికి ఇంకా కొంచెం సేపే ఉంది.

సహోదరులారా, ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే పని పోతుంది, పరువు పోతుంది, సంఘంలో తల ఎత్తుకోలేను. ఆ నీళ్ల కుళాయి దగ్గరే మోకాళ్ల మీద పడ్డాను. "తండ్రీ, నేను తాగుబోతుదాన్ని, దొంగదాన్ని, నీకు తెలుసు. నా మొగుడికి ఊపిరి దొరకలేదు. పైన వచ్చేవాళ్ల ఊపిరి నా చేతుల మీదుగా పోనీయవద్దు తండ్రీ, నా నోరు తెరువు" అని మాత్రం అన్నాను. కాళ్లు వాటంతట అవే పరిగెత్తాయి.

"సార్, నా మెట్టెలు పడిపోయినాయి. నడిచిన దారిలోనే యాడనో పడినాయి."

"మెట్టెలా? నీకు మెట్టెలెందుకు..." అని సగంలో ఆగిపోయి, మద్దిలేటి సారు వైర్లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

వచ్చే విమానాన్ని పైనే తిరగమన్నారు. మేము తొమ్మిది మందీ మళ్లీ వరుస కట్టాము. ఎండ నెత్తిన పడుతోంది, విమానం పైన గిరికీలు కొడుతోంది, ఆ శబ్దం దగ్గరికి వస్తూ పోతూ ఉంటే నా ప్రాణం అలాగే వస్తూ పోతూ ఉంది. నా పక్కన కాశింబీ అని తురకల సహోదరి, "ఏడిస్తే కండ్లు మసకయితాయి, ముందు చూడు అమ్మే, తర్వాత ఏడుద్దువు" అని గద్దించింది. సిమెంటు పలకల సందులో ఒకటి ఆమెకే దొరికింది. రెండోది పసుపు గీత మీద నాకు కనబడింది. దేవునికే మహిమ! వంగి తీసుకుని అక్కడే కూలబడ్డాను.

లేపడానికి వచ్చిన మద్దిలేటి సారు నా ముఖం దగ్గర వంగి, ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "సాలమ్మా, తాగొచ్చినావా?"

జ్వరమొచ్చి ఈ ఒక్కరోజే తాగానని చెప్పవచ్చు, ఆ అబద్ధం నోటి చివర ఉంది. కానీ, "తాగొచ్చినా సార్. దినామూ తాగొస్తాండా" అన్నాను. వెనకాల ఎవరో, "అందుకేనా గొడ్డు నెమరేసినట్ల వక్కాకు నమిలేది!" అన్నారు.

నన్ను గదిలో కూర్చోబెట్టారు. కిటికీ అద్దంలో నుంచి చూస్తే విమానం దిగి నిలబడింది, మెట్లు దించారు. చేతికర్ర పట్టుకున్న ముసలాయన దిగాడు, బిడ్డను భుజాన వేసుకున్న తల్లి దిగింది, పెండ్లికి పోతున్నట్టు పట్టుచీరలో ఒకామె దిగింది. ఎవరికీ ఏమీ తెలియదు, ఆలస్యమైందని విసుక్కుంటూ పోతున్నారు. ఒక్కొక్క తల దిగుతుంటే నేను స్తోత్రం, స్తోత్రం అంటూ ఏడ్చాను, అద్దం అంతా నా ఊపిరితో మసకబారింది.

పని పోయింది. అది న్యాయమే. ఆ సాయంత్రమే పాస్టరమ్మగారి ఇంటికి పోయి అన్నీ చెప్పాను, ఆమె నా వెంటే ఇంటికి వచ్చి సీసాలు బయట పారబోశారు. ఒళ్లు వణికి, కక్కి, అరిచిన ఆ దినాల్లో సంఘపు అక్కలు వంతులవారీగా నా దగ్గర కూర్చుని ప్రార్థించారు. మధ్యలో ఒకసారి మళ్లీ పడ్డాను, అబద్ధం చెప్పను. లేపాడు నా ప్రభువు! ఇప్పటికి ఏడాది దాటింది, చుక్క ముట్టలేదు. మెట్టెలు మా ఆయన సమాధి పక్కన మట్టి తవ్వి ఆయనకే ఇచ్చి వచ్చాను. ఆ దినం ఏడ్చినంత ఆయన పోయిన దినం కూడా ఏడవలేదు.

ఇప్పుడు ఒక పిల్లల హాస్టల్లో వంటకు సాయం చేస్తున్నాను, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతాను, నా కండ్లకు ఆ పనే రాసిపెట్టినట్టుంది. బాధ పోలేదు. ఇంట్లో ఆ గోడ దగ్గర ఆయన వీపు ఆనిన మరక ఇంకా ఉంది, సున్నం కొట్టనివ్వలేదు. మీలో ఎవరైనా నాలాగా కొంగులో దేన్నైనా ముడి వేసుకుని తిరుగుతుంటే, అయ్యా, అమ్మా, మీ కొంగు ఎవరూ తడమరు, మంచివాళ్లని వదిలేస్తారు, అది పడిపోయే దాకా ఆగవద్దు. మీరే విప్పి ప్రభువు ముందు పెట్టండి, ఆయన అసహ్యించుకోడు, నన్నే అసహ్యించుకోలేదు!

విమానం నేను ఈ దినానికీ ఎక్కలేదు. అది హాస్టల్ మీదుగా పోయేటప్పుడు చేట పక్కన పెట్టి, లోపల ఉన్నవాళ్లందరి కోసం చేతులెత్తుతాను. దానికంటే పైన, దుమ్ము లేని చోట, మా ఆయన కడుపు నిండా గాలి పీల్చుకుంటున్నాడని నమ్ముతున్నాను. అక్కడ ఆయనను నవ్వొద్దని కసిరేవాళ్లు ఎవరూ లేరు.