కదలని బండి తాగిన పెట్రోలు

నా కారు చలికాలంలో పెట్రోలు ఎక్కువ తాగుతుందంటే మొదట్లో నేను నమ్మలేదు. బంకువాడు మోసం చేస్తున్నాడనుకున్నాను. మా వైపు బంకు మానేసి ఇంకో చోట పోయించుకున్నాను, అక్కడా అంతే. మామూలు రోజుల్లో లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు చూపించే మీటరు, కార్తీకం వెళ్లేసరికి పన్నెండుకు దిగేది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. స్టీరింగ్ వెనక వెలిగే ఆ అంకె చూస్తే పొద్దున్నే ఒళ్లు మండేది.

మేడ్చల్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబులో నా ఉద్యోగం. పొద్దుటి షిఫ్టు ఆరింటికి మొదలవుతుంది. ఇల్లు శామీర్‌పేటలో. అలియాబాద్ చౌరస్తాలో తిరిగి మేడ్చల్ రోడ్డు పట్టాలి. ఆ వేళకు బస్సు దొరకదు, ఆటోవాడు రాడు. అందుకే ఒకరు వాడిన చిన్న కారు కొనుక్కున్నాను. ఆ కారు లేకపోతే నా ఉద్యోగం లేదు.

ఇంట్లో నేను, నాయిన, ఇద్దరమే. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నాయిన ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. బియ్యం బస్తాలతో నాగపూర్ దాటి ఎక్కడెక్కడికో వెళ్లొచ్చేవాడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, కుడివైపు దక్కింది. ఎడమ చేతిలో మాత్రం గ్లాసు నిలబడదు, ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఇక బండి ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాయిన అక్కడ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి లైసెన్సు తీసి అమ్మ ఫొటో వెనక పెట్టాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అయితే ముట్టొద్దంటే నడపొద్దని మాత్రమే అర్థమని నాయిన తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. కారు తుడవొచ్చు, వైపర్లకు నీళ్లు పోయొచ్చు, స్టార్టు చేయొచ్చు. చలి మొదలైతే నాకంటే ముందు లేచి, మంకీ టోపీ పెట్టుకుని, వాకిట్లోకి పోయి ఇంజన్ ఆన్ చేసేవాడు. లారీలకు అలా చేయాలట. ఇంజన్ కాసేపు నడిస్తేనే బ్రేకులకు గాలి నిండుతుందట, గాలి నిండకుండా కదిలితే ప్రాణాల మీదికి వస్తుందట. నా కారు బ్రేకులకు ఆ గాలితో పనిలేదని చెబితే, ఇంజన్ ఏ బండిదైనా ఇంజనే అనేవాడు. నేను తయారై వచ్చేసరికి కారు లోపల వెచ్చగా ఉండేది, అద్దాల మీద మంచు తుడిచి ఉండేది. నాకూ హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఈసారీ మైలేజీ పడిపోయేసరికి మెకానిక్ దగ్గరికి పోయి పోట్లాడాను. అతను నా నోటికి జడిసే రకం కాదు. నా కేకలన్నీ అయ్యేదాకా ఆగి, చలికాలంలో ఏ బండైనా కొంచెం ఎక్కువే తాగుతుందని, మిగతాది మన చేతుల్లో ఉంటుందని చెప్పాడు. చలికి టైర్లలో గాలి తగ్గుతుంది, పొద్దున బండి కదలకముందే చూసుకోవాలి. డిక్కీలో అనవసరపు బరువు తీసేయాలి. స్టార్టు చేసిన అర నిమిషానికి బయల్దేరి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెత్తగా పోనివ్వాలి, నడుస్తూనే ఇంజన్ వేడెక్కుతుంది. నిలబెట్టి వేడి చేస్తే పెట్రోలు ఖర్చవుతుంది గాని దూరం తరగదు.

ఇంటికొచ్చి డిక్కీ తెరిచాను. లోపల నాయిన సామాను. లారీ నాటి జాకీ, ఇనప రాడ్డు, టార్పాలిన్, చెయ్యంత లావు తాడు. ఎప్పుడు చేర్చాడో కూడా నాకు తెలియదు. బరువు తగ్గించాలన్నాను. నాయిన నన్ను చెయ్యి వేయనివ్వకుండా ఒక్కొక్కటే కుడి చేత్తో మోసుకెళ్లి మెట్ల కింద పెట్టాడు. పొద్దున ఇంజన్ కూడా ఊరికే నడపొద్దన్నాను. దానికీ సరేనన్నాడు.

టైర్లలో గాలి సరిచేయించాను. యాక్సిలరేటర్ మీద పాదం పువ్వు మీద పెట్టినట్టు పెట్టాను, వెనక లారీవాళ్లు హారన్లు కొట్టి నా చెవులకు తూట్లు పొడిచినా సరే. పది రోజులు పోయినా మీటరు పన్నెండు దగ్గరే కూర్చుంది. నాకు తల తిరిగిపోయింది. పొద్దున నేను లేచేసరికి ఇంజన్ ఆగే ఉండేది. నాయిన తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు.

అసలు సంగతి మా పక్కింటావిడ చెప్పింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన వాళ్లు, మా పక్కనే అద్దెకుంటారు. ఆవిడ మొహమాటపడుతూ, పిల్లకు పరీక్షలండీ, మీ కారు చప్పుడుకు తెల్లారకముందే మెలకువ వచ్చేస్తోంది, కాస్త చూడండి అంది. మా కారు ఆ వేళలో ఎందుకు చప్పుడు చేస్తుందన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. రోజూ చాలాసేపు మోగుతుందండీ, మీరు లేచే ముందు ఆగిపోతుంది అంది.

మర్నాడు అలారం ముందుకు జరిపి లేచాను. మంచం ఖాళీగా ఉంది. తలుపు ఓరగా తీశాను. వాకిట్లో కారు సన్నగా వణుకుతోంది, గొట్టంలోంచి తెల్లగా పొగ వస్తోంది. డ్రైవర్ సీట్లో నాయిన ఉన్నాడు. బెల్టు పెట్టుకుని ఉన్నాడు. కుడి చెయ్యి స్టీరింగ్ మీద ఉంది. ఎడమ చేతిని గేర్ మీద పెట్టి, జారిపోకుండా మెడ తువాలుతో దానికి కట్టుకున్నాడు. ఎదురుగా మా ప్రహరీ గోడ తప్ప ఏమీ లేదు. దాన్నే చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి అద్దంలో వెనక్కి చూసుకున్నాడు.

అరుద్దామని పోయినదాన్ని, ఆ తువాలు చూసి మానుకున్నాను. చెప్పులు లేకుండా ఆ చల్లటి బండల మీద నడిచిపోయి అద్దం మీద తట్టాను. నాయిన దొంగతనంలో దొరికిన పిల్లాడిలా ఉలిక్కిపడి తువాలు ముడి విప్పబోయాడు. పంటితో బిగించిన ముడి ఒక్క చేత్తో రాలేదు. నేనే విప్పాను.

"కూసోవాలంటే కూసో నాయిన. ఇంజన్ ఎందుకు?" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. "ఇంజన్ నడ్వకుంటే గిది బండి గాదు బిడ్డా, కుర్చీ," అన్నాడు.

ఆ రోజు మేడ్చల్ దాకా ఏడుస్తూనే పోయాను. రెండేళ్లుగా నేను ఆయనకు మందులు ఇచ్చాను, అన్నం కలిపి పెట్టాను, చొక్కా గుండీలు పెట్టాను. ఆయనకు కావలసింది మాత్రం నా చేతిలో తాళంగుత్తికి వేలాడుతోంది. డాక్టరు చెప్పింది నిజమే, నాకు తెలుసు. అయినా మొండితనం పుట్టింది. ఒక్కసారి, మనిషి లేని చోట, నడుచుకుంటూ పోయినంత మెల్లగా నడిపితే ఏమవుతుంది అనుకున్నాను.

తూంకుంట అవతల ఒక కొత్త లేఅవుట్ ఉంది. తారు రోడ్లు వేసి, హద్దురాళ్లు పాతి వదిలేశారు. ఇంకా ఒక్క ఇల్లూ లేవలేదు. ఆదివారం ఎండ పొడ వచ్చాక నాయినను తీసుకుపోయాను. ఎక్కడికని అడగలేదు. లోపలికి వెళ్లాక నేను దిగి, తాళం ఆయన కుడి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూశాడు. తర్వాత దిగి, బానెట్ పట్టుకుని మెల్లగా అటు తిరిగి వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి వేసి ఉంచాను.

ఎడమ మోకాలిని చేత్తో ఎత్తి, పాదాన్ని క్లచ్ మీద పెట్టుకున్నాడు. ఫస్ట్ గేర్ వేయడానికి కుడి చెయ్యి ఇటు తిప్పి సాయం తెచ్చుకున్నాడు. బండి ఒక కుదుపు కుదిపి కదిలింది. నాయిన మొహంలో ఆ క్షణం నేను చూసింది ఎలా చెప్పాలో తెలియడం లేదు. మా అమ్మ బతికి ఉన్న రోజుల మొహం అది. వీధి పొడుగునా ఫస్ట్‌లోనే పోయాం. ఇంజన్ అరవడం మొదలుపెట్టింది. సెకండ్ వేయాలి. ఎడమ చెయ్యి గేర్ మీదికి తెచ్చాడు, వేళ్లు ముడుచుకోలేదు. కుడి చెయ్యి వదిలితే స్టీరింగ్ పోతుంది. ఇంకోసారి ప్రయత్నించాడు. నేను వేస్తానని చెయ్యి చాపాను.

"వద్దు," అన్నాడు.

ఇంజన్ అలా అరుస్తూనే ఉంది. వీధి చివర హద్దురాయి దగ్గర ఆపాడు. తనే ఆఫ్ చేశాడు. ముందున్న ఖాళీ ప్లాట్ల వైపు కాసేపు చూసి, తాళం తీసి నా ఒళ్లో పెట్టాడు.

"ఇగ సాలు బిడ్డా," అన్నాడు. గొంతులో బాధ కూడా లేదు. అది ఉన్నా బాగుండేది.

వచ్చేటప్పుడు పక్క సీట్లో ఆయనకు బెల్టు నేనే పెట్టాను.

మర్నాటి నుంచి వాకిట్లో చప్పుడు లేదు. పక్కింటావిడ థాంక్సండీ అంది. మీటరు పదమూడు, పద్నాలుగు అంటూ మెల్లగా ఎక్కి, సంక్రాంతి లోపలే పదిహేడు చూపించింది. ఆయిల్ మార్చడానికి పోతే మెకానిక్ ఆ అంకె చూసి మురిసిపోయాడు, చెప్పినట్టు వింటే ఇలా ఉంటుంది అక్కా అన్నాడు. నేను నవ్వలేకపోయాను. నాయిన ఇప్పుడు బాగా తెల్లారాక లేస్తున్నాడు. లేచినా కారు వైపు పోవడం లేదు. దాని మీద దుమ్ము అలాగే ఉంటోంది.

మొన్న చలి మరీ విపరీతంగా ఉంది. అవసరం లేకపోయినా ముందే లేచాను. వాకిట్లోకి పోయి, తాళం తిప్పి, ఇంజన్ నడుస్తుండగా ఊరికే కూర్చున్నాను. అద్దాలు తుడవలేదు. చప్పుడుకు లేచి వస్తాడనుకున్నాను. మంకీ టోపీ పెట్టుకుని వచ్చి, గిట్లనేనా అద్దాలు ఉంచేది అని నన్ను తిడతాడనుకున్నాను. తలుపు వైపే చూస్తూ ఉన్నాను. మీటరు మీద అంకె నా కళ్ల ముందే ఒకటి తగ్గింది.

కాసేపటికి లోపల మంచం మీద నుంచి గొంతు వినిపించింది.

"బంద్ జెయ్యి బిడ్డా. పెట్రోల్ దండుగ."