రెండో డబ్బా ఎరుపు

నా స్పోర్ట్స్ కారుకు రెండే డోర్లు, ఇరవై ఏళ్ల వయసు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న రోజు నిగనిగలాడిన ఎరుపు ఎండకు వెలిసిపోయి, బానెట్ మీద పెచ్చులు లేస్తోంది. పెయింట్ వేయించక తప్పదు. ఖర్చు భయం ఎలాగూ ఉంది, దాన్ని మించిన భయం మా నాన్న, బాపు. సిరిసిల్లలో నలభై ఏళ్లు మరమగ్గం సాంచెల మీద బట్ట నేసిన మనిషి. చీరలో రెండు పోగులు తేడా రంగువి పడితే గడపలోంచే పట్టేసేవాడు, ఆపైన తిట్లు.

జగిత్యాలలో పెద్ద షాపువాళ్లు దుమ్ము పడని గదిలో బండి మొత్తం ఒక్కసారే కొడతామన్నారు. వాళ్ల రేటుకు ఇంకో పాత కారే వచ్చేలా ఉంది. కోరుట్లలో రేకుల షెడ్డు పెయింటర్ అందులో సగానికే ఒప్పుకున్నాడు.

"పెయింట్ నువ్వే తెచ్చుకో అన్నా. గని మొత్తం ఒక్కపారే కలిపిచ్చుకొని రా" అన్నాడు.

మిగిలిపోతే దండగని ఒక్క డబ్బానే కలిపించాను. డోర్ల దగ్గరికి వచ్చేసరికి అయిపోయింది. అదే నంబరు చెప్పి రెండోది తెచ్చాను. ఆరాక బండిని ఎండలోకి తీసి చూశాను. బానెట్ పండుమిరప రంగు, డోర్లు ఇటుక రంగు.

"నేను చెప్పలేదా అన్నా?" అన్నాడు పెయింటర్.

నూలంతా ఒకే అద్దకంలోది తేవాలని, లేకపోతే బట్టలో పట్టీ పడుతుందని బాపు చెప్పగా చెప్పగా పెరిగినవాణ్ని. నేనే ఈ పని చేశాను. కొండగట్టు కింద ఆగి, సిగ్గులేకుండా అంజన్నకు దండం పెట్టుకున్నాను.

ఇంటి ముందు ఆపేసరికి మిట్టమధ్యాహ్నం. బాపు బయటికి వచ్చి కారు చుట్టూ తిరిగాడు. బానెట్ మీద, తర్వాత డోరు మీద అరచెయ్యి పెట్టి వంగి చూశాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

"మంచిగ కొట్టిండు కొడుకా. అంత ఒక్కటే రంగు. ఒక్క లాట్లనే తెచ్చినవ్ గద?"

హమ్మయ్య అనుకున్నాను. ఎగతాళేమోనని ముఖం చూశాను. కాదు, నిజంగానే మెచ్చుకుంటున్నాడు. అప్పుడు వేసింది అసలు భయం. ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన ఆ తిట్లు ఒక్కసారి తిడితే బాగుండుననిపించింది.

"ఒక్కటే డబ్బా, బాపూ" అన్నాను.

మర్నాడు పొద్దున్నే, ఆ ఇటుకరంగు డోరు తీసి ఆయన్ని ఎక్కించుకుని, కంటి దవాఖానకు బయలుదేరాను.