బ్రేకక్క కారుకు లోపలి రంగు

బ్రేకక్క అసలు పేరు ఆవిడ లైసెన్సు మీద తప్ప మరెక్కడా కనిపించదు. డ్రైవింగ్ నేర్పే కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని ఎప్పుడు తొక్కాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు తొక్కకూడదో ఆవిడకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదని చెప్పుకుంటారు. ఎవరో సరదాకి పిలిచిన పిలుపు అలాగే నిలిచిపోయింది. కట్టుకున్న భర్త ఫోనులో కూడా ఆవిడ నంబరు ఆ పేరు మీదే ఉంది.

ఆవిడ మొదట ఒక డ్రైవింగ్ స్కూల్లో ఫోన్లు ఎత్తే మనిషి. ఒకరోజు పొద్దున నేర్పే ఆయన రాలేదు. మర్నాడు టెస్టు పెట్టుకున్న ఒక నర్సు కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. యజమాని ఫోను మీద ఫోను చేస్తున్నాడు. బ్రేకక్క తాళాలు తీసుకుని, "లేవండి, నేను కూర్చుంటాను పక్కన" అంది. యజమాని నోరు తెరిచేలోపు కారు సందు మలుపు తిరిగింది. మర్నాడు నర్సు పాసయింది. ఆ వారం నుంచి ఫోన్లు ఎత్తడానికి వేరే మనిషిని వెతుక్కోవలసి వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత యజమాని స్కూలు మూసేస్తూ కారును ఆవిడకే అమ్మాడు. అప్పటినుంచి పదకొండేళ్లుగా స్కూలూ ఆవిడే, మాస్టరూ ఆవిడే.

నేర్పడంలో ఆవిడకు కొన్ని పట్టుదలలు ఉన్నాయి. కేకలు వేయదు. స్టీరింగ్ మీదికి తన చెయ్యి పోనివ్వదు. అన్నిటికన్నా ముఖ్యం, తలుపు పిడి పట్టుకోదు. "మనం పిడి పట్టుకున్నామంటే పక్కవాళ్ల పని అయిపోయినట్టే. నాకు భయం లేదు, మీకెందుకు?" అని మొదటి రోజే చెప్పేస్తుంది.

కారు ఇంజను ఇప్పటికీ పిల్లిలా చప్పుడు లేకుండా నడుస్తుంది. పాడైందల్లా లోపలి ప్లాస్టిక్కే. కొత్తలో చేతికి మెత్తగా తగలాలని కంపెనీవాళ్లు ప్లాస్టిక్ మీద రబ్బరు లాంటి పూత వేశారు. ఎండకీ, చెమటకీ అది కరిగి జిగురుపట్టింది. అద్దాలు దించే స్విచ్చుల చుట్టూ, గేరు చుట్టూ, గాలి వచ్చే జల్లెడల అంచుల మీదా వేలు పెడితే వేలితోనే లేచి వచ్చేది. ఉంగరాలు గీసిన చోట అడుగున తెల్ల ప్లాస్టిక్ కనిపించేది.

ఇక దాన్ని బాగుచేయక తప్పదని కొత్తగా చేరిన పళ్ల డాక్టరు వల్ల తేలింది. ఆవిడ ముప్ఫై అయిదేళ్ల మనిషి. ఎదుటివాళ్ల నోట్లో సూది దించేటప్పుడు వణకని చెయ్యి, స్టీరింగ్ మీద పెడితే ఆకులా వణికేది. మూడో పాఠం అయ్యాక దిగి, అరచేతులు చూసుకుంది. నల్లగా ఉన్నాయి. ఒక కాగితంతో తుడిచింది. కాగితం చేతికి అంటుకుంది.

"రేపటినుంచి గ్లౌజులు తెచ్చుకోనా అక్కా? నా దగ్గర పెట్టెలకు పెట్టెలు ఉన్నాయి" అంది నవ్వుతూ.

బ్రేకక్క కూడా నవ్వింది గాని, ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. సాయంత్రం సీట్లు కుట్టే షాపుకు వెళ్లి లోపలి రంగు సంగతి అడిగితే, కారు పది రోజులు వదిలేయమన్నారు. పది రోజులు కారు లేకపోతే ఆరుగురు టెస్టుకు తయారు కాలేరు. అదృష్టం బాగుండి, టెస్టు ట్రాకుకు తారు వేస్తున్నారని గురువారం నుంచి ఆదివారం దాకా టెస్టులకు సెలవిచ్చారు.

"నాలుగు రోజులు చాలు, రంగు నేనే వేసేస్తాను" అంది ఇంటికి వచ్చి.

ఆవిడ భర్తది కళ్లజోళ్ల షాపు. జాగ్రత్త మనిషి. "విప్పడం సరే, మళ్లీ బిగించేదెవరు?" అన్నాడు.

"విప్పిన చేతులే."

గురువారం పొద్దున్నే ఇంటికింద షెడ్డులో పని మొదలైంది. ముందు బ్యాటరీ తీగ తీసేసింది. ఎయిర్‌బ్యాగు ఉన్న స్టీరింగ్ జోలికి మాత్రం వెళ్లలేదు. దానికి తోలు తొడుగు కుట్టించుకోవచ్చనుకుంది. మిగతా ముక్కలు ఒక్కొక్కటే ఊడదీసి, ప్రతిదానికీ విప్పకముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో తీసుకుంది. అనకూడదని ఎంత అణుచుకున్నా భర్త ఊరుకోలేక షాపు నుంచి ఖాళీ కళ్లజోడు డబ్బాలు తెచ్చి, ఒక్కో ముక్క స్క్రూలు ఒక్కో డబ్బాలో వేసి, మీద చీటీ అంటించాడు. సాయంత్రానికి పద్నాలుగు ముక్కలు, పద్నాలుగు డబ్బాలు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో రుద్దితే పాత పూత నల్లటి ముద్దగా ఊడి వచ్చింది. పాత దుప్పటి ఒకటి పూర్తిగా అయిపోయింది. సన్న గరుకు కాగితంతో తడిపి రుద్దేసరికి ఆవిడ వేలిముద్రలు అరిగిపోయాయి.

శుక్రవారం మధ్యాహ్నం ముక్కలన్నిటినీ ఇనుప తీగలతో దండేనికి వేలాడదీసి, మాస్కు పెట్టుకుని, రంగు పట్టడానికి ముందు వేసే ప్రైమర్ కొట్టి, ఆరాక ముదురు బూడిదరంగు డబ్బా ఊపి మొదటి ముక్క మీద కొట్టింది. ఒక్క క్షణం అద్దంలా నిలిచింది. రెండో క్షణంలో రంగు తనంతట తాను వెనక్కి జరగడం మొదలుపెట్టింది. ఎక్కడపడితే అక్కడ గుండ్రటి గుంటలు. నూనె పళ్లెంలో నీళ్లు చల్లినట్టు. రెండో ముక్కా అంతే, మూడోదీ అంతే.

బ్రేకక్క డబ్బా కింద పెట్టి స్టూలు మీద కూర్చుంది. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఎవరు ఎన్నిసార్లు ఇంజను ఆపేసినా "మళ్లీ మొదలుపెట్టండి" అని చెప్పిన మనిషికి, ఆ మాట తనకు తాను చెప్పుకోవడానికి పావుగంట పట్టింది.

అప్పుడే ఆవిడ అక్క వచ్చింది. పక్కవీధిలో బ్యూటీ పార్లరు నడుపుతుంది. రంగు ఆరబెట్టడానికి చెల్లెలు జుట్టు ఆరబెట్టే మెషిను అడిగి ఉంటే, దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చింది. వేలాడుతున్న ముక్కల్ని పెళ్లికూతురి ముఖాన్ని చూసినట్టు వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది.

"ఇన్నేళ్లూ దీనికి ఏం పూశావే?"

"ఏమీ పూయలేదు. ఆదివారం ఆదివారం పాలిష్ పెట్టేదాన్ని. మెరుస్తుందని."

"పదకొండేళ్లా?"

"పదకొండేళ్లు."

"అయితే ఇంకేముంది! జిడ్డు ముఖానికి మేకప్ వేస్తే నిలుస్తుందా? నువ్వు మరకలు కడిగావు, జిడ్డు కడగలేదు. స్పిరిట్‌తో తుడిచి ఈ చివర జిడ్డు ఆ చివరికి పాకించావు."

బ్రేకక్కకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. రంగుల షాపాయనకు ఫోను చేస్తే ఆయన కూడా అదే మాట అన్నాడు. పాలిష్‌లో సిలికాన్ ఉంటుందట, అది ఉన్నచోట ఏ రంగూ పట్టదట. దాన్ని తీసే ద్రవం వేరే ఉందట. "ముందు సబ్బునీళ్లతో మూడుసార్లు కడగండమ్మా. తర్వాత ఇది. తుడిచిన గుడ్డ మళ్లీ ముట్టుకోవద్దు, ప్రతిసారీ కొత్త గుడ్డే" అన్నాడు.

శనివారం పొద్దున అక్కాచెల్లెళ్లిద్దరూ గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్షులు పట్టుకుని కూర్చున్నారు. వేసిన రంగంతా గీకేశారు. మాటల్లో అక్క కారులోకి తొంగిచూసి, "నీవైపు తలుపు పిడి విప్పలేదేం?" అంది.

"అది బాగానే ఉంది. దాన్ని ఎవరూ పట్టుకోరుగా."

"బాగుంటే ఉండనీ. పక్కదానికి కొత్తరంగు వేశాక ఇది వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. విప్పు."

విప్పింది. పైనుంచి చూస్తే పిడి నిజంగానే కొత్తదానిలా ఉంది. కడగడానికని తిరగేసింది. అడుగున పూత లేదు. నాలుగు వేళ్లు పట్టే చోట నాలుగు తెల్లటి పల్లాలు, ఒక్కోదాని చివర సన్నగా గోటి గీతలు. బ్రేకక్క ఎవరిదో వస్తువు చూసినట్టు దానివైపు చూసింది. తర్వాత తన వేళ్లు ఆ పల్లాల్లో పెట్టింది. కొలిచి చేసినట్టు సరిపోయాయి.

"అక్కా, ఇది చూడు."

అక్క చూసింది. అర్థమయ్యాక కడుపు పట్టుకుని నవ్వింది. "పిడి పట్టుకోనని ఊరంతా చాటావు కదే! భయం లేదట భయం!"

"నిజంగా నాకు తెలియదే! ఒక్కసారైనా పట్టుకున్నట్టు గుర్తులేదు."

నవ్వు ఆగింది. బ్రేకక్కకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వెనక్కి వెళ్లబోయి ముందు గేరు వేసి స్కూలు గేటు మీదికి దూకించిన రిటైర్డు లెక్కల మాస్టారు. వాన పడుతుంటే లారీ పక్కనుంచి కళ్లు మూసుకుని పోనిచ్చిన కొత్త పెళ్లికొడుకు. అన్నిసార్లూ ఆవిడ గొంతు ఒక్క మెట్టు కూడా పెరగలేదు. కాలు సమయానికి బ్రేకు మీద పడింది. పైకి కనిపించకుండా చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది.

"సిగ్గుగా ఉందా?" అంది అక్క.

"సిగ్గెందుకు? ఈ చెయ్యి బిగుసుకోబట్టే ఆ కాలు అంత తొందరగా పడింది. రెండూ నావేగా" అంది బ్రేకక్క. పిడిని సబ్బునీళ్లలో ముంచింది.

ఈసారి తొందరపడలేదు. ఒక ముక్క వెనకవైపు, ఎవరికీ కనిపించని చోట ముందు కొట్టి చూసింది. రంగు నిలిచింది, గుంటలు పడలేదు. తర్వాత ప్రైమర్, దాని మీద పొగమంచులా ఒక పలుచని పూత, పావుగంట ఆగి ఇంకోటి, ఇంకా ఆగి మూడోది. "పలుచగా, పలుచగా" అని పక్కనుంచి అక్క ఒకటే పాట. చివరి పూత మీద అక్క తలవెంట్రుక ఒకటి ఎగిరి వచ్చి స్విచ్చుల పలక మీద వాలి, రంగులోనే ఉండిపోయింది. తీయబోతే మచ్చ పడుతుందని వదిలేశారు.

ఆదివారం బిగింపు. ఫొటోలు చూసుకుంటూ, డబ్బాలు తెరుచుకుంటూ సాయంత్రానికి ముగించింది. ఒక క్లిప్పు విరిగింది. అన్నీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది. భర్త చీటీలన్నీ రెండుసార్లు సరిచూశాడు, అది ఎక్కడిదో తేలలేదు. "కంపెనీవాళ్లే ఒకటి ఎక్కువ పెట్టి ఉంటారు" అంది బ్రేకక్క. కారు స్టార్టు చేసింది. అన్ని స్విచ్చులూ పనిచేశాయి. లోపలంతా మెరుపు లేని ముదురు బూడిదరంగు, చేతికి పొడిగా, చల్లగా తగిలింది.

"నువ్వేనా వేసింది?" అన్నాడు భర్త. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయన అంత ఆశ్చర్యపోయినట్టు కనిపించడం అదే మొదటిసారి. ఆవిడ ఇంకో పది నిమిషాలు కారు దిగలేదు.

సోమవారం పళ్ల డాక్టరు నిజంగానే గ్లౌజులు తెచ్చింది. తలుపు తెరిచి, చూసి, మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

"కారు మార్చారా అక్కా?"

"అదే కారు. వారం దాకా రంగు గట్టిపడదు, గోళ్లతో గీకకండి."

కారు కదిలింది. నాలుగు రోడ్లు కలిసే పెద్ద రౌండ్‌అబౌట్ ముందు మూడుసార్లు ఆగిపోయింది. వెనక హారన్లు. డాక్టరు చేతులు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి. "నావల్ల కాదక్కా. మీకు భయం ఉండదు కాబట్టి మీకు తెలియదు."

బ్రేకక్క మామూలుగా చెప్పే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"డాక్టరు గారూ, మొన్న ఈ పిడి విప్పాను. అడుగున నా వేళ్లు పట్టి పట్టి అరిగిపోయి ఉంది. పదకొండేళ్లుగా భయపడుతున్నాను, నాకే తెలియలేదు. అయినా ఇన్నేళ్లలో ఒక్క యాక్సిడెంటు లేదు. మీ భయాన్ని మీ చేతుల్లో ఉండనివ్వండి, పరవాలేదు. కళ్లు మాత్రం రోడ్డు మీద ఉంచండి. మొదటి గేరు. పదండి."

డాక్టరు ఒకసారి ఆవిడ ముఖంలోకి చూసింది. వెనక్కి చూసి, ఖాళీ చూసుకుని, క్లచ్ మెల్లగా వదిలింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. కారు మాత్రం రౌండ్‌అబౌట్ చుట్టూ సాఫీగా తిరిగి రెండో రోడ్డులోకి వచ్చేసింది.

"ఇంకోసారి తిరగనా?" అంది డాక్టరు.

ఆ రోజు అయిదుసార్లు తిరిగారు. టెస్టులో డాక్టరు మొదటిసారి కారు వెనక్కి పెట్టడం దగ్గర తప్పింది, రెండోసారి పాసయింది.

అప్పటినుంచి బ్రేకక్క మొదటి రోజు చెప్పే ఉపన్యాసం మార్చేసింది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ తన భయం గురించి ముందే చెప్పేస్తుంది. దాంతో నేర్చుకునేవాళ్లు తగ్గిపోతారేమోనని భర్త అనుమానపడ్డాడు గాని, పెరిగారు.

రంగు ఏడాదిన్నరగా నిలిచే ఉంది. ఈమధ్య కారు పైకప్పు గుడ్డ అంటు వదిలి, పొడుగాటి మనుషుల నెత్తికి తగులుతోంది. మొన్న ఆదివారం బ్రేకక్క దాని అంచు పట్టుకుని మెల్లగా లాగి చూస్తుంటే, భర్త ఏమీ అడగకుండా షాపుకు వెళ్లి ఖాళీ డబ్బాలు తెచ్చిపెట్టాడు.