నడుచుటకు యోగ్యము

మా ఇంట్లో విశ్వవిద్యాలయం లోపలికి అందరికన్నా ముందు వెళ్ళింది నేనే. కాళ్ళతో కాదు, కాగితం మీద. నల్ల అట్ట నోటుబుక్కు, దాని మీద గుండ్రటి అక్షరాలతో "వెనకబడిన విద్యార్థి: ఒక పరిశీలన" అని ఉండేది. ఆ వెనకబడినవాణ్ని నేను. ఆ గుండ్రటి అక్షరాలు మా ఆవిడవి.

అరవైలలో మాట. నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. ఆరో తరగతిలో భిన్నాల దగ్గర బడి మానేశాను. ఒక అంకె నెత్తిన ఇంకో అంకె ఎందుకు ఎక్కి కూర్చుందని అడిగితే, మాస్టారు నన్ను బల్ల ఎక్కించి నిలబెట్టారు. అంకెకు ఒక న్యాయం, నాకు ఒక న్యాయమా అని దిగి ఇంటికి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. మా ఆవిడ అలా కాదు. శ్రీకాకుళం వైపు బడి చదువు పూర్తి చేసి కాపురానికి వచ్చింది. వచ్చిన రెండో నెలలోనే మా క్వార్టర్ల వరసలో ఒక సంగతి కనిపెట్టింది. తెలుగు పిల్లల బడిలో ఆడ టీచరు ఒక్కరూ లేరు. అయిదో తరగతి కాగానే ఆడపిల్లల్ని ఇళ్ళ దగ్గరే ఉంచేస్తున్నారు. తను టీచరై ఆ బడికి వెళ్ళాలని అప్పుడే తేల్చేసుకుంది.

అందుకు దారి పొడుగే. డిగ్రీలో చేరడానికి ముందు ఒక ఏడాది సన్నాహక తరగతి చదవాలి. ప్రీ యూనివర్సిటీ అనేవారు. ఆ ఏడాది గట్టెక్కితేనే మూడేళ్ళ డిగ్రీలో విద్యాశాస్త్రం సీటు, ఆ పైన టీచరు ట్రైనింగు. మా ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక కాలేజీలో చేరింది. విద్యాశాస్త్రం చెప్పే బెంగాలీ ప్రొఫెసరమ్మ (తెలుగు చదవగలదు, మాట్లాడలేదు) మొదట్లోనే పని అప్పగించింది: బడి మానేసిన ఒకర్ని పట్టుకోవాలి, వాళ్ళకు రానిది ఒకటి ఆరు వారాలు నేర్పాలి, వారం వారం ప్రగతి నోటుబుక్కులో రాయాలి. ఈ పనిలో తప్పితే సీటు లేదు.

మా ఆవిడ ముందు పక్కనున్న తాల్‌బగీచా పేటలో ఇద్దరు కుర్రాళ్ళని పట్టుకుంది. ఇద్దరూ రెండో పూటే పారిపోయారు. అప్పుడు గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న నన్ను ఒక రకంగా చూసింది.

"ఏటే అలా సూస్తున్నావు?"

"మీరు సైరన్ కూయగానే తిన్నగా ఇంటికొచ్చేత్తారు కదా?"

"వొచ్చేత్తాను. అయితే?"

"అయితే మీరే."

వయసు గడిలో ఇరవై ఏడు అని రాసింది. కుటుంబ పరిస్థితి గడిలో "భార్య ఒకరు" అని రాసింది. ఇంకా ఎంతమంది ఉండాలని నేను అడగలేదు.

మొదటి రోజు సుద్దముక్కతో పాఠం చెప్పింది. మాస్టారు చెప్పినట్టే చెప్పింది, నాకూ అప్పటిలాగే వచ్చింది, అంటే రాలేదు. రెండో రోజు పెనం మీద అట్టు వేసి, దాన్ని ఎనిమిది ముక్కలు చేసి, మూడు ముక్కలు నా కంచంలో పెట్టింది.

"ఇది మొత్తంలో ఎంత?"

"మూడు సూతులు," అన్నాను.

సూతు అంటే మా షాపులో అంగుళంలో ఎనిమిదో వంతు. పదేళ్ళుగా పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నేను కొలిచేది అదే. మా ఆవిడ గబగబా పలక మీద మూడు రాసి, కింద గీత గీసి, ఎనిమిది రాసింది. నేను పలకని చూశాను. అట్టుని చూశాను. ఇన్నాళ్ళూ నేను భిన్నాలు చేసే జీతం తెచ్చుకుంటున్నానని ఎవరూ చెప్పలేదు! ఆ పూటే కూడికలు, తీసివేతలు అన్నీ వచ్చేశాయి. అట్లు కూడా అయిపోయాయి.

మా ఆవిడ చప్పట్లు కొట్టింది. కొట్టిన చేతులు అలాగే ఆగిపోయాయి.

"ఏటండీ ఇది? అప్పుడే వొచ్చేసిందా?"

"వొచ్చేసింది."

"ఆరు వారాల పుస్తకమండీ! మిగతా పేజీల్లో నేనేటి రాసేది? అయిదో వారం దాకా మీకు రాకూడదు."

అలా నేను ఇంట్లో కూర్చుని వెనకబడ్డాను. మూడో వారం: "విద్యార్థి సగానికీ పావుకీ తేడా గుర్తించలేకపోయెను." నాలుగో వారం: "విద్యార్థి పాఠము మధ్యలో నిద్రించెను." ఇది మాత్రం నిజమే. ఏ వారం ఎంత తెలివితక్కువగా ఉండాలో ఆ నోటుబుక్కు ముందే చెప్పేది. అందులో నేను సలహాలు కూడా ఇచ్చాను. "రెండు సగాలు కలిపితే నాలుగు అన్నానని రాయి, బాగుంటాది," అంటే, "మరీ అంత వొద్దు, నమ్మరు," అనేది.

ఇక్కడి దాకా వ్యవహారం నడిచేది. చెడగొట్టింది నేనే.

ఆ పుస్తకం ఆఖరి పేజీలో "విద్యార్థి సంరక్షకుని ధ్రువీకరణ" అని ఖాళీ గడి ఒకటి ఉంది. రైల్వే మనిషికి సంతకం లేని గడి కనిపిస్తే గోకుడు పుడుతుంది. మా దగ్గర బోల్టు బిగించినా, బిగించలేదని రాసినా, కింద ఒకరి సంతకం, స్టాంపు ఉండాల్సిందే. ఇరవై ఏడేళ్ళ మొగాడికి సంరక్షకుడు ఎవరు? ఆలోచిస్తే షాపులో మా మీద పని చూసే ఛార్జ్‌మన్ తప్ప ఎవరూ తోచలేదు. "ఆ పేజీ సంగతి నేను సూసుకుంటాను," అని మా ఆవిడకి చెప్పి, రెండో వారంలోనే పుస్తకం భోజనం సంచిలో పెట్టుకుని షాపుకి పట్టుకెళ్ళాను.

మా ఛార్జ్‌మన్ కాకినాడ వైపు నుంచి తాతల నాడే వచ్చి స్థిరపడిన క్రైస్తవుల ఇంటి పెద్దాయన. ఆదివారం చర్చిలో ప్రార్థనైనా సరే, సోమవారం వ్యాగన్ అయినా సరే, స్వయంగా చూడనిదే ఒప్పుకునేవాడు కాదు.

"ఏటిరా ఇది? నువ్వు వెనకబడ్డావని నేను సంతకం ఎట్టాలా?"

"ముందుకొచ్చినానని ఎట్టాలి, అయ్యగారూ."

"సూడకుండా ఎట్టను. అయిదు సూతులకి పావంగుళం కలుపు."

"ఏడు సూతులు."

"నోటితో కాదు. రాసి సూపించు."

మరమ్మతుకొచ్చిన వ్యాగన్ పక్కరేకు మీద సుద్దతో రాశాను. పైన అయిదు, కింద ఎనిమిది. పైన ఒకటి, కింద నాలుగు. జవాబు కూడా రాసి గీత గీశాను. చుట్టూ పది మంది చేరారు. ఛార్జ్‌మన్ కళ్ళద్దాలు సర్దుకుని, స్టీలు స్కేలు పెట్టి నా జవాబు కొలిచి, తల ఊపి, ఆ గడిలో తను రోజూ రాసే మాటే రాశాడు: "పరీక్షించడమైనది. లోపములు సవరించబడినవి. నడుచుటకు యోగ్యము." కింద సంతకం. సంతకం మీద గుండ్రటి స్టాంపు. స్టాంపు మధ్యలో, మా వర్క్‌షాపు ఆచారం ప్రకారం, తారీఖు.

పుస్తకం ఇచ్చేయాల్సిన రోజు పొద్దున మా ఆవిడ ఆ పేజీ చూసి నెత్తి కొట్టుకుంది. "నేనేటి, వ్యాగన్‌కి పెళ్ళాన్నా?" అంది. కానీ కాలేజీకి వేళైపోతోంది. తారీఖు ఆవిడా చూడలేదు, నేనూ చూడలేదు.

ప్రొఫెసరమ్మ చూసింది.

రెండో వారంలో నడవడానికి యోగ్యుడైన విద్యార్థి, నాలుగో వారంలో సగం, పావు తెలియక ఎందుకు నిద్రపోయాడు? శనివారం విద్యార్థిని వెంటబెట్టుకు రమ్మంది.

ఆ రోజు సగం పూటే పని. మా ఆవిడని సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని బయలుదేరాను. గోల్‌బజార్ దాటాం, బ్రిడ్జి దాటాం. నేను రెండు జోకులు వేశాను. నా జోకులకి నవ్వకపోయినా తిట్టేది ఎప్పుడూ. ఆ రోజు తిట్టనైనా తిట్టలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

ప్రొఫెసరమ్మ పొట్టి మనిషి, తెల్ల చీర. నా భుజం పక్కనుంచి గుమ్మం వైపు చూసి, "ఛాత్రొ కోథాయ్?" అంది, విద్యార్థి ఎక్కడ అని.

"నేనే, దీదీ."

ఆవిడ వయసు గడి తీసి చూసింది. నా మీసం చూసింది. మళ్ళీ గడి చూసింది. మా ఆవిడ నేలకేసి చూస్తోంది. చీర కొంగు వేలికి ఎన్ని చుట్లు చుట్టిందో, ఆ వేలు తెల్లబడిపోయింది.

బెంగాలీ, హిందీ కలిపి నేనే విన్నవించుకున్నాను. "దీదీ, మా షాపులో వ్యాగన్ ఒక్కోసారి రెండో రోజే బాగైపోతుంది. కానీ బోర్డు మీద ఆరు రోజులని రాసి ఉంటే, ఆ ఆరు రోజులూ లైను మీదే నిలబడాలి. నేనూ అలాగే నిలబడ్డాను. తప్పు ఆవిడది కాదు."

"తప్పు ఆమెదే," అంది ప్రొఫెసరమ్మ. పుస్తకంలో ఆఖరి పేజీ తీసి వేలు పెట్టింది. "ఇందులో నేను నమ్మేది ఈ ఒక్క పేజీ. మీ ఛార్జ్‌మన్ ఎవరో గాని, చూసింది రాశాడు. నువ్వు చూడనిది రాశావు." తరవాత పుస్తకం మూసి మా ఆవిడతో అంది: "రెండు వారాలు ఇస్తాను. ఇతనికి నిజంగా రానిది ఏదైనా నేర్పు. ఏం జరిగితే అది రాయి. వస్తే వచ్చిందని, రాకపోతే రాలేదని. లేకపోతే సీటు మాట మరిచిపో."

"నాకు రానివి ఏరడానికే రెండు వారాలు పడతాయి, దీదీ," అన్నాను.

మా ఆవిడ ఏరింది బెంగాలీ అక్షరాలు, కాలేజీలో చేరాక తనూ కొత్తగా నేర్చుకున్నవి. ఆ భాష నేను పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నాను, ఒక్క అక్షరం గుర్తుపట్టలేను. రోజుకి ఆరు అక్షరాలు చొప్పున మొదలుపెట్టింది. నాలుగో రోజుకి అన్నీ ఒకే తీగ మీద ఆరేసిన బట్టల్లా కనిపించాయి. ఈసారి నటన లేదు. ఎంత కూర్చున్నా రాలేదు.

పదో రోజు తాల్‌బగీచాలో ఒక్కణ్నీ నడుస్తూ, ఒక కొత్త బోర్డు కూడబలుక్కుని, మిఠాయి దుకాణం అని తేల్చుకుని లోపలికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. చాలామంది కూర్చుని ఉన్నారు, సరుకు మంచిదన్నమాట అనుకున్నాను. పావుగంట తరవాత తెర వెనకాలకి పిలిచారు. ఒక పెద్దమనిషి నన్ను నాలుక చాపమన్నాడు. నిద్ర ఎలా పడుతోందని, విరేచనం ఎలా అవుతోందని అడిగాడు. రసగుల్లాకి ఇన్ని ప్రశ్నలా అనుకుంటూనే అన్నిటికీ జవాబు చెప్పాను. నా జలుబు చూసి, నాలుగు తెల్ల గోలీలు అక్కడే నోట్లో వేసి, సీసా చేతిలో పెట్టాడు. హోమియోపతి డాక్టరు.

ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను గాని, ఆవిడ పుస్తకం తీయగానే నా నవ్వు పోయింది.

"ఇదొక్కటీ రాయకే."

"ఏటీ, జరిగిందే రాయమన్నారు."

"రెండు సగాలు నాలుగన్నానని రాసుకో. నిద్రపోయినానని రాసుకో. ఇది నిజం కదే, సిగ్గేత్తాది."

ఆవిడ కలం ఆపింది. రాయకపోతే సీటు పోతుందని నాకూ తెలుసు. పోతే ఆ క్వార్టర్ల ఆడపిల్లల సంగతీ అంతే. కాసేపటికి సిరాబుడ్డి నేనే జరిపాను ఆవిడ వైపు. "రాసుకో. మందు పని సేసిందని కూడా రాయి," అన్నాను.

రాసింది. "విద్యార్థి మిఠాయి దుకాణమని చదివి వైద్యుని వద్ద కూర్చుండెను. పదునొకండు అక్షరములు మాత్రమే వచ్చినవి. జలుబు తగ్గినది." కింద ఇంకో వాక్యం ఉంది, అది నాకు చూపించలేదు. ఆవిడ నిద్రపోయాక చదివాను: "రోజుకు ఆరు అక్షరములు చెప్పుట నా తొందరపాటు. తప్పు విద్యార్థిది కాదు."

ప్రొఫెసరమ్మ పాస్ చేసింది. మా ఆవిడ డిగ్రీలో చేరింది.

కొన్నాళ్ళకి ఇందా బజారులో ప్రొఫెసరమ్మ పొటల్ కాయలు, అదే దొండకాయలాంటి బెంగాలీ కూర, బేరం చేస్తూ కనిపించింది. నేను ఊరుకునే రకమా? ఎదురుగా వెళ్ళి నమస్కారం పెట్టాను.

"దీదీ, మా ఆవిడకి మీరు మార్కులు వేశారు, సంతోషం. మొద్దుగా కూర్చున్నది నేను కదా. అందులో నా వాటా ఎంత?"

ఆవిడ పొటల్ ఒకటి తీసి నొక్కి చూసి, సంచిలో వేసుకుంది.

"నీ వాటా తీసేశాక మిగిలినవేనయ్యా, ఆవిడకి వచ్చినవి," అంది.