డెల్ఫియా ఎడమచెయ్యి

రైలు కార్ఖానా వాళ్ల చొక్కాలు వారమంతా పిండీ పిండీ డెల్ఫియా ఎడమచెయ్యి మణికట్టు దగ్గర మొద్దుబారిపోయింది. సెడేలియా ఊరి బయట తోటలో బానిసత్వం పోయిన గుర్తుగా ఏటా జరిపే విముక్తి పండుగనాడు, గెలిచిన జంటకి కేకిచ్చే కేక్‌వాక్ నాట్యానికి పియానో వాయించేది ఆవిడే. ఈసారి మాత్రం సెయింట్ లూయిస్ నుంచి దిగిన లెమ్యుయెల్ అనే పియానో వాద్యకారుడు, ఇస్త్రీ నలక్కుండా నీడలో కూర్చుని పియానో ముందున్న ముక్కాలిపీట వంకే చూస్తున్నాడు.

"ఏం మరదలు పిల్లా, చెయ్యి అలా వేలాడుతోంది? అతన్ని కూర్చోబెట్టమంటావా?" అన్నాడు అక్క మొగుడు ఎజెల్. నాట్యం నడిపించే పెద్ద ఆయనే.

"నీ కేకు సంగతి చూసుకో బావా. ఈగలు అప్పుడే పంచేసుకుంటున్నాయి."

అనేసింది గానీ లోపల భయమే. ఎవరి మురికీ వదిలించక్కర్లేని మధ్యాహ్నం ఆవిడకి ఏడాదికి ఇదొక్కటే.

ఈ సంగీతం దుఃఖంలోంచి పుట్టిన ఆనందమని ఉపన్యాసాలిచ్చేవాళ్లున్నారు. వాళ్లెవరూ చొక్కాలు పిండినట్టు లేదు. పనిచేసేవాళ్ల మాటల్లో చెప్పాలంటే ఇంతే: ఎడమచెయ్యి కవాతులా తిన్నగా నడవాలి; కుడిచెయ్యి తాళం తప్పినట్టే తప్పి, దాన్ని ఆటపట్టిస్తూ అందుకోవాలి. పియానో మొహం ఎరగని రోజుల్లో, బానిసల గుడిసెల ముందు ఆ ఎడమచేతి చాకిరీ పాదాలు చేసేవి. నాట్యం పుట్టిందీ అక్కడే, దొరల నడకను వెక్కిరించడానికి. దొరలేమో మురిసిపోయి కేకు బహుమతిచ్చేవారు. వెక్కిరింత తమనేనని వాళ్లకి తట్టలేదు.

జంటలు వెనక్కి వాలి, గడ్డాలెత్తి నడుస్తున్నాయి. పాట సగంలో ఉండగా డెల్ఫియా ఎడమచెయ్యి పియానో మెట్ల మీదనుంచి జారిపడింది. ఎత్తబోతే లేవలేదు. ఇక పీట పోయినట్టేననుకుంది. వరసలో ఉన్న ఒక ముసలావిడ మాత్రం ఆగలేదు, వేదిక చెక్కల మీద మడమతో తాళం కొట్టింది. పక్కవాళ్లు అందుకున్నారు. కాసేపటికి వేదికంతా దడదడలాడింది. డెల్ఫియా ఆ చప్పుడు సందుల్లో కుడిచేతిని దూర్చుకుంటూ, పాటను ఎలాగో గట్టెక్కించింది.

"ఓసి గడుసుదానా, తాళం వదిలేసి మాచేత తొక్కించావా?" అంటూ ఎజెల్ రొప్పుతూ వచ్చాడు. "మళ్లీ అదే కానియ్."

లెమ్యుయెల్ లేచొచ్చి టోపీ తీశాడు. "ఆ చెయ్యి ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందండీ?"

"సోమవారం నాతో చొక్కాలు పిండటానికి రా నాయనా, తెలుస్తుంది."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంది, కావాలనే పెట్టుకున్నట్టు. జనం అప్పటికే మడమలెత్తి కాచుకున్నారు.