పేరు చివర రావు, సంచిలో రొయ్యలు

ఆ రోజుల్లో, అంటే మలేషియాలో మా ఊరు హుటాన్ మెలింటాంగ్ నుంచి రాజధాని కౌలాలంపూర్ వచ్చి ఇంజనీరింగ్‌లో చేరిన కొత్తలో, విజ్ఞానశాస్త్రం మీద నాకున్నంత ఆసక్తి మా యూనివర్సిటీలో ఇంకెవరికీ లేదని అందరూ అనుకునేవారు. నేనూ కాదనలేదు. జరగబోయే ప్రసంగాల జాబితా ప్రతి సోమవారం బోర్డు మీద అంటించేవారు. వంతెనల పగుళ్ళైనా, మురుగునీటి శుద్ధైనా, నక్షత్రాల ధూళైనా సరే, పది నిమిషాల ముందే వెళ్ళి మొదటి వరసలో కూర్చునేవాణ్ణి. (నక్షత్రాల ధూళి గురించి నాకు ఇప్పటికీ తెలిసింది, అది చాలా దూరంలో ఉందని మాత్రమే.) అసలు సంగతేమిటంటే, ఒంటరిగా ఉండలేకపోయేవాణ్ణి. నా గదిలో ఉండే అతను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్‌తో మాట్లాడేవాడు గానీ నాతో కాదు. తెలుగు వినిపించేది అమ్మ ఫోన్ చేసినప్పుడే. ఆ కాస్త తెలుగునీ "బాగున్నాను" అని అబద్ధం చెప్పడానికే వాడుకునేవాణ్ణి.

ఒక సోమవారం జాబితాలో, ఆహారం పాడైతే వాసన పట్టి చెప్పే యంత్రం మీద ప్రసంగం కనిపించింది. చెప్పేది ఇండియా నుంచి వస్తున్న ప్రొఫెసర్, పేరు చివర రావు! మా నాన్న రావు, పెదనాన్న రావు, పడవలు బాగుచేసే మావయ్య కూడా రావే. ఇంకా అనుమానం దేనికి? తెలుగులో మాట్లాడే మనిషి దొరికాడని గంతులేసి అమ్మకి చెప్పాను.

"ఏటిరా, అంత దూరం నుంచి మనోడొచ్చినాడంటే ఒట్టి సేతుల్తో ఎల్తావా? ఎండురొయ్యలు పంపుతాను, ఇచ్చెయ్ లా!" అంది అమ్మ, మాట చివర మలేషియావాళ్ళ "లా" తగిలిస్తూ. ఆంధ్రా వైపు నుంచి ఎవరొచ్చినా, పాటలవాళ్ళైనా పూజారులైనా, ఎండురొయ్యల పొట్లం లేకుండా పంపడం మా ఇంట్లో లేదు. (పూజారులు వాటిని ఏం చేసేవారో ఎవరమూ అడగలేదు.) ప్రసంగం రోజు పొద్దున్న బస్సులో పొట్లం దిగింది. గదికెళ్ళే వ్యవధి లేక సంచితో సహా హాల్లో మొదటి వరసలో కూర్చుని, ఆయనతో అనాల్సిన మొదటి మాటని లోలోపల వల్లె వేసుకుంటున్నాను.

ప్రొఫెసర్ గారు నాకు రెండడుగుల దూరంలో, బల్ల మీద యంత్రం పెట్టారు. శుభ్రమైన గాలికి పచ్చ దీపం, పాడైన ఆహారానికి ఎర్ర దీపం, పైగా కూత కూడా అని చెప్పి మీట నొక్కారు. ఎర్ర దీపం వెలిగి యంత్రం ఒకటే కూత! ఆపి మళ్ళీ నొక్కారు. మళ్ళీ కూత. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. సభ నడిపే మేడమ్, ప్రసంగం తర్వాత తినడానికి తెప్పించిన కర్రీ పఫ్‌ల మీద అనుమానపడి, ఆ పళ్ళేలన్నీ బయటికి పంపించేశారు. హాలంతా వాటి వంక దీనంగా చూసింది. నా ఒళ్ళోని సంచిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. దాచుకుంటే ఆయన పరువు పోతుంది, ఒప్పుకుంటే నాది. చివరికి లేచి నిలబడి, "సార్, ఆ వాసన నాది," అన్నాను ఇంగ్లీషులో.

హాలు విరగబడి నవ్వింది. ప్రొఫెసర్ గారికి ప్రాణం లేచొచ్చింది. యంత్రాన్ని నా సంచి దగ్గరికి తెచ్చి కూయించి, దూరం తీసుకెళ్ళి పచ్చ దీపం చూపించి, ఇంతకంటే మంచి రుజువు తానైనా తెచ్చుకోలేకపోయేవాణ్ణన్నారు. పళ్ళేలు తిరిగొచ్చాయి.

అందరూ తినడానికి వెళ్ళాక పొట్లం చేత్తో పట్టుకుని, నా పేరు చెప్పి, "సార్, మా పెద్దోళ్ళు శ్రీకాకుళం కాణ్ణించి వచ్చినారు. మనోళ్ళని సూసి శానా రోజులైంది," అన్నాను. ఆయన చేతులు జోడించి, తనది బెంగళూరనీ, తన భాష కన్నడమనీ, రొయ్యలు తిననీ ఇంగ్లీషులో చెప్పారు. నా మొహం ఎలా అయిపోయిందో ఏమో, కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, "ఏదో చెప్పాలని వచ్చావు. నీ భాషలోనే చెప్పు, వింటాను," అన్నారు.

ఎలాగూ అర్థం కాదు కదా అని నోరు విప్పాను. "సార్, ఈడ నన్ను పేరెట్టి పిలిసేవోళ్ళు లేరు. అమ్మకి బాగున్నానని అబద్ధాలు సెప్తన్నాను. ఈ లెక్చర్లకి సదువు కోసం రాను సార్. పక్క కుర్చీలో మనిషుంటాడని వస్తాను." ఇంకా చాలా చెప్పాను, ఏడ్చాను కూడా. ఆయన తలాడిస్తూ విన్నారు. తర్వాత నా భుజం తట్టి, మేడమ్‌తో ఏదో మాట్లాడుకుంటూ కారెక్కారు.

తర్వాతి వారం ప్రసంగానికి వెళ్తే, మేడమ్ నన్ను పేరు పెట్టి పిలిచారు. తలుపు దగ్గర ఇద్దరు విద్యార్థుల మధ్య కుర్చీ వేయించి, వచ్చేవాళ్ళని పలకరించే పని అప్పగించారు. ఆ ఇద్దరూ నాకు ఇప్పటికీ స్నేహితులే. రొయ్యల పుణ్యమా అని నేను ప్రసిద్ధుణ్ణైపోయాననుకున్నాను.

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన బెంగళూరు అమ్మాయి ముందు అమ్మతో ఫోన్‌లో గొడవపడ్డాను. అర్థం కాదులే అన్న ధీమాతో. ఫోన్ పెట్టేశాక ఆ అమ్మాయి, "పాపం, మీ అమ్మగారిని అలా కసరకండి. మా ఊళ్ళో చాలామందికి తెలుగు అర్థమవుతుంది," అంది.

ప్రొఫెసర్ గారి ముందు ఆ రోజు ఏమేం వాగానో ఒక్కొక్కటే గుర్తుకొచ్చి చెవులు కాలిపోయాయి. తర్వాత నవ్వొచ్చింది. ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో ఏడ్చిన ఆ పిచ్చివాడి మాట, ఒక్క ముక్క పోకుండా ఆయనకి అర్థమైంది. తలుపు దగ్గరి ఆ కుర్చీ రొయ్యల పుణ్యం కాదన్నమాట.