తాత ముఖం కడుక్కున్న బల్ల

బాత్రూమ్‌లో పెడితే తాతను అవమానించినట్టేనట. పొద్దున్నుంచి ఇదే మాట. కరీంనగర్‌లో మా కొత్త ఇంటి హాల్లో టీవీ కిందికి తాత టేకు బల్లే కావాలంటాడు మా బాపు. నేనేమో దాని పైచెక్కకు గుండ్రంగా కోత పెట్టించి, వాష్‌బేసిన్ దించి, బాత్రూమ్‌లో అద్దం కింద నిలబెట్టాలంటున్నాను. ఫోన్‌లో ఫొటోలు చూపించాను. చూడలేదు. కోత మిషన్ పట్టుకుని వడ్రంగి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు.

"పెద్దమనిషి బల్ల బిడ్డా. తీస్కపోయి పాయఖాన పక్కన వెడ్తవా?"

"అది ఎన్నడు హాల్ల ఉన్నది బాపూ?"

మాట పెరిగింది. ఊరికే నిలబడలేక వడ్రంగి గరుకు కాగితంతో బల్ల అంచు రుద్ది, తడిగుడ్డతో తుడిచాడు. తడిసిన చెక్కలోంచి బొగ్గు వాసన లేచింది. ఇద్దరం ఆగిపోయాం.

నస్పూర్‌లో బొగ్గు బాయి కార్మికుల క్వార్టర్లలో తాత ఇల్లు. వేసవి సెలవులంటే నాకు ఆ ఇంటి పెరడే: నీళ్లు చల్లిన నేల ఆవిరి, ఎండబెట్టిన మిరపకాయల ఘాటు, నూనెలో కాలుతున్న సర్వపిండి, ఎంత ఉతికినా తెల్లబడక దండెం మీద వేలాడే తాత బనియన్లు, వాటన్నిటి మధ్య వెనక తలుపు పక్కన ఆ బల్ల, దాని మీద సత్తు బేసిన్, ఎర్ర సబ్బు, పైన మేకుకు అద్దం ముక్క. బాయిలోంచి పైకొచ్చిన తాత అక్కడ ముఖం కడుక్కోనిదే గడప దాటేవాడు కాదు. ఆయన గడప దాటనిదే నాయనమ్మ ముద్ద ముట్టేది కాదు.

ఒకరోజు షిఫ్టు ముగిసిన సైరన్ మోగింది, చుట్టుపక్కల వాళ్లంతా ఇళ్లకొచ్చారు, తాత రాలేదు. లోపల పైకప్పు కూలిందని వాడకట్టంతా గుసగుసలు. ఆడవాళ్లు బాయి గేటు దగ్గరికి పరుగెత్తారు. నాయనమ్మ కదల్లేదు. నీళ్లు కాచి బేసిన్‌లో పోసేది, వేలు ముంచి చూసేది, చల్లబడితే మళ్లీ పొయ్యి మీదికి ఎత్తేది.

"జర గేటు కాడికి రా సిన్నమ్మా" అని పక్కింటామె పిలిచింది.

"నేనొస్తే నీళ్లు సల్లగైతయి" అంది నాయనమ్మ తలెత్తకుండా.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిన బాపు బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. గేటు దాకా పోయే ధైర్యం ఆయనకూ లేదు. నేను సర్వపిండి ముక్కను కొరకడానికి కూడా భయపడి, బేసిన్ మీద పలచబడుతున్న ఆవిరినే చూస్తున్నాను.

దీపాలు పెట్టే వేళకు తాత వచ్చాడు. కళ్లు తప్ప ఒళ్లంతా నలుపే. నేరుగా బల్ల దగ్గరికొచ్చి నీళ్లలో చేతులు ముంచి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఏందే, కోడి ఈకలు పీకుదామనుకున్నవా గీ నీళ్లల్ల?"

"నీ తోలుకు గియే సరిపోతయి, కడుక్కో" అని నాయనమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఆ క్వార్టర్లు కూలగొట్టారు. సర్వపిండి ఫోన్‌లో ఆర్డర్ పెడితే డబ్బాలో వస్తుంది, చల్లగా. మిగిలింది బల్ల, దాని నడుమ బేసిన్ అడుగు అరగదీసిన గుండ్రటి మచ్చ. బాపు చెయ్యి లాగి ఆ మచ్చ మీద పెట్టాను. ఆయన దాని చుట్టూ వేలు తిప్పాడు. తర్వాత నా వైపు చూడకుండా వడ్రంగితో అన్నాడు.

"గీడనే కొయ్యి. అంచు మాత్రం ముట్టకు."

పని అయ్యాక చుట్టాల గ్రూపులో ఫొటో పెట్టాను. ముసలాయన బల్లను తీసుకుపోయి బాత్రూమ్‌లో పడేశారని అప్పుడే మొదలుపెట్టారు. బతికొచ్చానని ఆయన ఇంటికి చెప్పింది ఆ బల్ల దగ్గరే. టీవీ మోస్తేనే దానికి మర్యాద అంటారా, నా ముఖం మీద అనగలరా?